గేరుబాక్సు డ్రైన్ ప్లగ్గు మర పోయిందా? వెల్డింగు జోలికి పోకముందు కొలతలు తీయండి

ఇందుకూరుపేట తమ్ముడు అడిగింది ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను. వాళ్ళ నాన్న కొన్న పాత ట్రాక్టరు, గేరుబాక్సు కేసింగు పోత ఇనుము. దమ్ము పని ముగిశాక ఆయిలు మారుద్దామని అడుగున ప్లగ్గు విప్పితే ఆయిలు తెల్లగా, నురగ పట్టి దిగింది. కొత్త ఆయిలు పోసే ముందు ప్లగ్గు బిగించబోతే ఊరికే తిరుగుతా ఉంది గానీ పట్టు దొరకలేదు. టెఫ్లాన్ టేపు చుట్టారు, పైన ఎంసీల్ మెత్తారు. అయినా పొద్దున లేచి చూస్తే బండి కింద ఆయిలు మడుగు. ఊళ్ళో ఒకాయన వెల్డింగు పెట్టి బెజ్జం మూసేద్దాం అంటున్నాడు. ఇంకొకాయన ఒక సైజు పెద్ద బోల్టు పెట్టి, పానాకి పైపు తొడిగి తిప్పితే అదే మర చేసుకుంటది అంటున్నాడు. సోమశిల నుంచి కాలవలకు నీళ్ళు వదిలేలోపు బండి మడిలోకి దిగాలి. ఏం చెయ్యమంటావన్నా అని ప్రశ్న.

తమ్ముడూ, ఆ రెండూ వద్దు. నేను నెల్లూరులో లేతు మీద బతికినవాణ్ణి. ట్రాక్టరు కేసింగులు, పంపు బాడీలు, లారీ హబ్బులు, ఇట్టాంటి మర పోయిన బెజ్జాలు చెయ్యడమే మా పనిలో సగం. నీది బాగయ్యే పనే. బండిని నడిమికి విప్పకుండా, కేసింగు మార్చకుండా, కొత్త బెజ్జంతో సమానంగా నిలబెట్టొచ్చు. కాకపోతే డ్రిల్లు పట్టుకునే ముందు ఒక పూట కొలతలకు పెట్టు. మర పోయిన బెజ్జాన్ని పూర్తిగా పాడుచేసేది ఎక్కువసార్లు కొలవకుండా చేసిన మొదటి రిపేరే.

వెల్డింగు సంగతి ముందు తేల్చేస్తాను, ఎందుకంటే నీకు అదే సుళువుగా కనిపిస్తా ఉంటది. ఆయిలు తెల్లగా దిగిందంటే గేరుబాక్సులో నీళ్ళు చేరినట్టు. డెల్టాలో దమ్ము చేసే బండికి ఇది కొత్త కాదు. గేరు లీవరు కింద రబ్బరు బూటు చిరిగి ఉన్నా, బ్రీదరు (లోపలి గాలి బయటికి వదిలే చిన్న గొట్టం) మూత లేకపోయినా, యాక్సిల్ సీళ్ళు అరిగినా మడి నీళ్ళు లోపలికి దారి చూసుకుంటాయి. నీళ్ళు ఆయిలు కంటే బరువు. బండి ఒక రాత్రి కదలకుండా నిలబడితే ఆయిల్లో కలిసిపోని నీళ్ళు అడుక్కి దిగిపోతాయి, బెజ్జం ఉన్నది కూడా అక్కడే. పొద్దున్నే ప్లగ్గు కొంచెం వదులు చేస్తే ముందు నీళ్ళే వస్తాయి. ఆ బెజ్జం మూసేశావనుకో, ఇక పైనుంచి గొట్టం పెట్టి లాగాలి. గొట్టానికి అందని మూలల్లో నీళ్ళు, బురద, ఇనుప రజను అట్టానే ఉండిపోతాయి. బేరింగులు తుప్పు పట్టేది ఆ నీళ్ళకే. మడిలో దిగే బండికి డ్రైన్ ప్లగ్గు లేకుండా చెయ్యకూడదు.

ఇక లోహం సంగతి. పోత ఇనుము వెల్డింగు వేడికి సాగదు, చల్లారేటప్పుడు పక్కన పగులుతుంది. బాగా వేడిచేసి, నికెల్ రాడ్డుతో చిన్న చిన్న ముక్కలుగా వేసి, నిదానంగా చల్లార్చే పనితనం ఉంటే అతుకుతుంది. కానీ ఏళ్ళ తరబడి ఆయిలు తాగిన పోత అది. వేడి తగలగానే ఆయిలు పైకి ఉబికి వెల్డు అంతా బుడగలు పడుతుంది. లోపల ఆయిలు ఆవిరి నిండిన పెట్టె, బయట నిప్పు. దాని ప్రమాదం నేను వేరే చెప్పక్కర్లేదు. పైగా ఎర్తు క్లిప్పు చక్రం దగ్గరో ముందు యాక్సిల్ దగ్గరో తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా పారి వాటి మీద గుంటలు పెడుతుంది. బెజ్జం చుట్టూ కేసింగే పగిలి ఉంటే అప్పుడు వెల్డింగు మాట్లాడుకుందాం. మర పోయినంత మాత్రాన అక్కర్లేదు.

పెద్ద బోల్టు సంగతికి ఒక్క మాట చాలు. పోత ఇనుము నొక్కుడికి ఎంత ఓర్చుకుంటదో లాగుడికి అంత త్వరగా విరుగుతుంది. కొలత లేని బోల్టుని బలవంతంగా తిప్పితే అది మేకులాగా బెజ్జాన్ని నాలుగు వైపులకీ చీలుస్తుంది. ఈరోజు ఆయిలు కారుతోంది, రేపు కేసింగు చీలుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. డ్రైన్ ప్లగ్గులు రెండు జాతులు. ఒకటి సమాన మర. మొదలు నుంచి చివర దాకా ఒకే లావు, తలకాయ కింద వెడల్పు అంచు, ఆ అంచుకీ కేసింగుకీ మధ్య రాగిదో ఫైబరుదో వాషరు. ఇందులో ఆయిలు ఆపేది మర కాదు, వాషరు. మర పని ఆ వాషర్ని నొక్కిపట్టడం వరకే. రెండోది టేపరు మర. తలకాయ కింద అంచు ఉండదు, వాషరు ఉండదు. పైన చదరపు తల గానీ అలెన్ కీ పట్టే గుంట గానీ ఉంటది. లోపలికి పోయేకొద్దీ బిర్రు అవుతుంది, మరే ఆయిలు ఆపుతుంది. నీ బండిలో ఏ జాతి ఉన్నదో తేలకుండా మందు చెప్పలేం.

తేల్చడం కష్టం కాదు. ప్లగ్గుని డీజిల్‌తో కడిగి, వెర్నియరుతో మర బయటి కొలత చివర ఒకసారి, తల దగ్గర ఒకసారి తీసుకో. టేపరు పైపు మరలో లావు 16కి 1 చొప్పున పెరుగుతుంది. అంటే 16 మి.మీ. పొడవులో 1 మి.మీ. తేడా కనిపించాలి. రెండు చోట్లా ఒకటే వస్తే సమాన మర. తర్వాత పిచ్ గేజి పెట్టి మర పిచ్, అంటే ఒక మరకీ పక్క మరకీ మధ్య దూరం చూడు. గేజి లేకపోతే మర మీద స్కేలు పెట్టి అంగుళానికి ఎన్ని మరలు ఉన్నాయో లెక్కపెట్టు. పైపు మరల్లో అర అంగుళం అంటే బయటి కొలత అర అంగుళం కాదు, దాదాపు 21 మి.మీ. ఉంటది. అర అంగుళం పైపు ప్లగ్గు అంటే అర అంగుళం బోల్టు తెచ్చేవాళ్ళు ఉన్నారు, అందుకే చెప్తున్నాను.

ఇక్కడే ఒక పెద్ద చిక్కు ఉంది. మన జిల్లాలో మరలు పోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం అదే. పాత ప్లగ్గు తల అరిగిపోతుంది, పానా పట్టదు. హార్డ్‌వేరు షాపుకి పోయి జీఐ పైపు ప్లగ్గు తెచ్చి పెడతారు. మన నీళ్ళ పైపులకు ఉండేది బీఎస్పీ, అంటే బ్రిటిషు పైపు మర, దాని కోణం 55 డిగ్రీలు. అమెరికా డిజైను మీద వచ్చిన పాత జీపులు, యంత్రాల్లో ఉండేది ఎన్పీటీ, దాని కోణం 60 డిగ్రీలు. అర అంగుళం, ముప్పావు అంగుళం సైజుల్లో ఈ రెండింటికీ అంగుళానికి 14 మరలే. అందుకని జీఐ ప్లగ్గు చేత్తోనే సుఖంగా ఎక్కుతుంది, ఇదే సైజు అని నమ్మిస్తుంది. కానీ అర అంగుళం బీఎస్పీ బయటి కొలత 20.95 మి.మీ., ఎన్పీటీది 21.34 మి.మీ. కోణం వేరు, లావు వేరు. మర పక్కలు ఒకదానికొకటి పూర్తిగా ఆనవు, అంచుల మీదే బరువంతా పడుతుంది. ఆయిలు ఊరుతుంది. ఊరుతోందని ఇంకొంచెం బిగిస్తారు. మళ్ళీ ఊరుతుంది, పైపు తొడిగి బిగిస్తారు. ఆ అంచులు నలిగి పొడి అయ్యేదాకా ఇట్టానే నడుస్తుంది. నీ ప్లగ్గు మధ్యలో ఎవరైనా మార్చారేమో నాన్నని అడుగు. మార్చి ఉంటే ఆ ప్లగ్గు కొలత చూసి బెజ్జం కొలత అనుకోవద్దు, బెజ్జాన్నే విడిగా కొలవాలి.

తర్వాత పోయింది ప్లగ్గు మరా, బెజ్జం మరా అన్నది చూడు. ఇంజను కాసేపు నడిపి ఆయిలు వెచ్చబడ్డాక పూర్తిగా దించెయ్యి. చక్రాలకు ముందు వెనక దిమ్మెలు పెట్టు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరొద్దు, స్టాండ్లు ఉండాలి. బెజ్జంలోకి టార్చి వేసి, చిన్న అద్దం పట్టి చూడు. వేలు పెట్టి మరని తడిమి చూడు. మర శిఖరాలు పదునుగా, నిండుగా తగిలితే బెజ్జం బాగున్నట్టే, కొత్త ప్లగ్గు, కొత్త వాషరు చాలు. అంచులో రెండు మూడు మరలు మాత్రమే నలిగి, లోపలివి బాగుంటే ఇంకా అదృష్టం. పాత ప్లగ్గులు చాలావరకు పొట్టిగా ఉంటాయి, లోపలి మరలు ఎప్పుడూ వాడకంలోకి రావు. కొంచెం పొడుగు ప్లగ్గు చేయిస్తే అవి అందుకుంటాయి. అయితే ప్లగ్గు కొస లోపల ఏ గేరు పళ్ళకీ తగలకుండా ఎంత ఎడం ఉందో వంచిన తీగ పెట్టి చూసుకుని, అప్పుడే పొడవు నిర్ణయించాలి.

మర కొంచెం నలిగిందే గానీ లోహం ఊడిరాలేదు అనుకో, అదే సైజు ట్యాపు (బెజ్జంలో మర కోసే పనిముట్టు) ఒకసారి దింపితే సరిపోతుంది. ట్యాపు గాడుల్లో గ్రీజు పట్టించి పెట్టు, రజను దానికే అంటుకుంటది. టేపరు మర అయితే ఇంకో వెసులుబాటు ఉంది. టేపరు ట్యాపుని ఇంకో చుట్టు లోపలికి దింపితే లోపల కొత్త లోహంలో నిండు మర పడుతుంది, ప్లగ్గు అంతే లోతుగా పోయి కూర్చుంటది. పూర్తిగా అరిగిన బెజ్జానికి ఇది కుదరదు, సగం పోయినదానికి చక్కగా కుదురుతుంది. అతిగా దింపితే ప్లగ్గు మొత్తం లోపలికి పోతుంది, కాబట్టి అర చుట్టు, అర చుట్టుగా దింపి, ప్లగ్గు పెట్టి చూసుకుంటా పోవాలి.

నువ్వు చెప్పిన లక్షణం చూస్తే నీ బెజ్జం ఈ దశ దాటిపోయింది. ఊరికే తిరుగుతా ఉందంటే పట్టుకోవడానికి లోహం లేదు. అప్పుడు రెండు దారులు. ఒకటి, ఒక సైజు పెంచి కొత్త మర కొట్టడం. రెండు, ఇంకా పెద్దగా కొట్టి అందులో ఉక్కు బుష్ (బయటా లోపలా మర ఉండే గొట్టం ముక్క) వేసి, బుష్ లోపల కొత్త ప్లగ్గు పెట్టడం. సైజు పెంచడం త్వరగా అయ్యే పని. ఉదాహరణకి అర అంగుళం బీఎస్పీ బెజ్జాన్ని 22 మి.మీ., 1.5 పిచ్‌కి మార్చాలంటే 20.5 డ్రిల్లు పడాలి. పాత మర లోతు 20.95 దాకా ఉంది కదా, అంటే పాత మర జాడలు కొద్దిగా మిగిలిపోతాయి, కొత్త మర కొన్నిచోట్ల బోలుగా ఉంటది. శుభ్రంగా కావాలంటే 24 మి.మీ., 1.5 పిచ్‌కి పోవాలి, డ్రిల్లు 22.5. ఇది బాగానే ఉంటది. కానీ రేపు మళ్ళీ పోతే ఇంకో సైజు పెంచడానికి లోహం మిగలదు. అందుకే ఏటా విప్పే డ్రైన్ ప్లగ్గుకి నేను బుష్ వైపే మొగ్గుతాను. బుష్ మర పోయినా బుష్ మారుస్తాం, కేసింగు జోలికి పోనక్కర్లేదు.

బుష్ కొలతలు నేనైతే ఇట్టా పెడతాను. బయట ముప్పావు అంగుళం బీఎస్పీ సమాన మర, లోపల 18 మి.మీ., 1.5 పిచ్ మర. కారణాలు ఉన్నాయి. ముప్పావు బీఎస్పీకి డ్రిల్లు 24.5 మి.మీ. నీ పాత బెజ్జం అర అంగుళం బీఎస్పీ అయినా, ఎన్పీటీ అయినా పాత మర మొత్తం ఎగిరిపోయి తాజా లోహం వస్తుంది. పైపు పని ఉండే ఊళ్ళో ఆ ట్యాపు దొరకడం సుళువు. 30 మి.మీ. సన్న పిచ్ ట్యాపు కావాలంటే మద్రాసుకి ఆర్డరు పెట్టి కూర్చోవాలి. లోపలి 18 మి.మీ. ప్లగ్గు వాహనాల్లో మామూలుగా ఉండే సైజు, వాషరు కూడా స్పేర్ల షాపులో దొరుకుతుంది. రెండు మరల మధ్య బుష్ గోడ 3 మి.మీ. దాకా మిగులుతుంది. లోపల కూడా అర అంగుళం బీఎస్పీయే ఉంచాలని పట్టుబడితే గోడ ఒకటిన్నర మి.మీ.కి పడిపోతుంది, దానికి నేను ఒప్పుకోను. నీ పాత బెజ్జమే ముప్పావు అంగుళం అయితే బుష్ బయటి మర ఒక అంగుళం బీఎస్పీకి పోవాలి, దాని మర కొలత 33.25 మి.మీ., డ్రిల్లు 30.75 పడాలి. ఏ సైజైనా కొత్త మర బయట చుట్టూ కనీసం 6 మి.మీ. పోత మిగలాలి. ఒక పక్క పలచగా ఉంటే అంత పెద్ద బుష్ వద్దు.

బుష్‌కి ఈఎన్8 రకం ఉక్కు గానీ మామూలు మైల్డ్ స్టీలు గానీ చాలు. ఉక్కు, పోత ఇనుము వేడికి దాదాపు సమానంగా పెరుగుతాయి. ఇత్తడి ఎక్కువ పెరుగుతుంది, మర కూడా త్వరగా అరుగుతుంది. ముప్పావు అంగుళం బుష్‌కి కింద 34 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం కాలరు, అంటే బయటికి వచ్చే అంచు ఉంచాలి. పొడవు కేసింగు గోడ మందానికి సరిపోవాలి. లోపలికి పొడుచుకొస్తే ఆ ఎత్తు మేర ఆయిలు, నీళ్ళు అడుగున నిలిచిపోతాయి. టర్నరుకి ఒక మాట తప్పకుండా చెప్పు: కాలరు కింది మొహం, పై మొహం, లోపలి మర, బయటి మర వీలైనంతవరకు ఒకే పట్టులో తియ్యమను. చక్కు విప్పి తిప్పి పట్టుకుంటే మొహానికీ మరకీ లంబం తప్పుతుంది. అప్పుడు వాషరు ఒక పక్కే నొక్కుకుంటది, ఇంకో పక్క ఊరుతుంది.

కేసింగులో బెజ్జం పెంచడమే ఈ పని మొత్తంలో ఓపిక అడిగే భాగం. కొన్ని గేరుబాక్సులకు అడుగున ప్లేటు విడిగా ఉంటది. నీదీ అట్టాంటిదే అయి, ప్లగ్గు ఆ ప్లేటులోనే ఉంటే ప్లేటు విప్పి బల్ల మీద పెట్టుకో, పని సగం అయిపోయినట్టే. లేకపోతే కింద పడుకుని పైకి చెయ్యాలి. చేతి డ్రిల్లుకి 24.5 బిట్టు తగిలించి పాత బెజ్జంలో ఒక్కసారిగా పెట్టొద్దు. అది పాత మరలో ఇరుక్కుని చెయ్యి విరుస్తుంది, బెజ్జాన్ని కోడిగుడ్డు ఆకారంలోకి తెస్తుంది. చేత్తో తిప్పే అడ్జస్టబుల్ రీమరు (బెజ్జాన్ని కొద్దికొద్దిగా గీకి పెంచే పనిముట్టు) ఉంటే అదే మేలు. పాత బెజ్జాన్నే ఆనుకుని పోతుంది కాబట్టి నడిమి తప్పదు, పోత ఇనుము పొడిపొడిగా రాలుతుంది. ఎక్కువ లోహం తియ్యాలంటే మ్యాగ్నెట్ డ్రిల్లు తెప్పించు. పోత ఇనుముకి దాని అయస్కాంతం పట్టుకుంటది. తలకిందులుగా తగిలించినప్పుడు గొలుసు కట్టి బండి ఫ్రేముకి వెయ్యడం మరిచిపోవద్దు, కరెంటు పోతే ఆ బరువంతా మనిషి మీదే పడుతుంది.

ట్యాపు నిటారుగా ఎక్కడం కంటిచూపుతో తేల్చే విషయం కాదు. లేతులో ఒక గైడు ముక్క తీయించు. ఒక చదునైన దిమ్మ, మధ్యలో ట్యాపు సరిగ్గా జారేటంత బెజ్జం. దాన్ని కేసింగు మొహానికి ఆనించి పట్టుకుని అందులోంచి ట్యాపు ఎక్కించు. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. పోత ఇనుములో ఇట్టా కొత్త మర కోసేటప్పుడు ఆయిలు పొయ్యొద్దు. దాని రజను పొడిగా రాలాలి, ఆయిలు తగిలితే ముద్దగా మారి ట్యాపుని పట్టేస్తుంది. మొదటి ఒకటి రెండు చుట్ల తర్వాత గైడు తీసి, గుణియం పెట్టి రెండు వైపులా చూసుకో. ఆ దశలో వంకర కనిపిస్తే ఇంకా సరిచెయ్యొచ్చు, తర్వాత కుదరదు.

రజను లోపలికి పోతుందేమోనని నీకు భయం ఉండాలి. నీ బండిలో గేర్లకీ హైడ్రాలిక్‌కీ ఒకటే ఆయిలు అయితే ఆ రజను ఫిల్టరు దాటిందంటే పంపుని గీసేస్తుంది. డ్రిల్లు మొదలుపెట్టే ముందు బెజ్జం పైన, కేసింగు లోపల గ్రీజు దట్టంగా పట్టించిన గుడ్డముక్క దూర్చు. దానికి గట్టి దారం కట్టి, కొసని బయట కనబడేటట్టు వేలాడదీసి టేపు వెయ్యి. పని అయ్యాక గుడ్డ లాగేసి, పై మూత తీసి డీజిల్ ధారగా పోస్తా ఉండు. అడుగు బెజ్జం తెరిచే ఉంచి కింద తెల్లటి తొట్టి పెట్టు, రజను వస్తే కనిపిస్తుంది. తొట్టిలో డీజిల్ తేటగా వచ్చేదాకా పొయ్యాలి. చివర్లో తీగకి అయస్కాంతం కట్టి అడుగంతా తిప్పి చూడు. ఈ కడుగుడుకి లోపల ఉన్న నీళ్ళ జాడ కూడా పోతుంది, నీకు రెండు పనులూ కలిసొస్తాయి. డీజిల్ పూర్తిగా ఓడే దాకా ఆగాలి, వీలైతే ఒక రాత్రి.

బుష్ బిగించే ముందు రెండు మరలూ ఎండుగా ఉండాలి. డీజిల్ జిడ్డు ఉన్నా త్రెడ్‌లాకరు (మరని కదలకుండా పట్టే జిగురు) పట్టదు. థిన్నరుతో గానీ పెట్రోలుతో గానీ తుడిచి గాలికి ఆరనివ్వు. ఆ పూట బండి దగ్గర బీడీ, దీపం ఏవీ వద్దు. పెద్ద మరలకు వాడే గట్టి రకం త్రెడ్‌లాకరు చుట్టూ రాసి, కాలరు మొహానికి పలచగా ఆయిలుకి ఓర్చుకునే గ్యాస్కెట్ సీలెంటు పూసి, కాలరు ఆనేదాకా బిగించు. 24 గంటలు కదపొద్దు. తర్వాత కాలరు అంచులో సెంటరు పంచితో కేసింగు వైపు ఒకటి రెండు చోట్ల నొక్కు, లేదా కలిసే గీత మీద చిన్న గ్రబ్ స్క్రూ (తల లేని స్క్రూ) వేయించు. ప్లగ్గు విప్పేటప్పుడు బుష్ కూడా కలిసి తిరగకుండా ఆపేది అదే.

వాషరు విషయంలో పిసినారితనం చెయ్యొద్దు. రాగి వాషరు ఒకసారి నొక్కుకుంటే గట్టిపడిపోతుంది, మళ్ళీ పెడితే ఊరుతుంది. కొత్తది దొరక్కపోతే పాతదాన్ని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచు, రాగి అట్టా చేస్తే మెత్తబడుతుంది. ఉక్కుకైతే ఇది తిరగబడే పద్ధతి, రాగికి మాత్రం సరైనదే. పైన పట్టిన నల్లటి పొరని ఎమరీ పేపరుతో తీసెయ్యి. ప్లగ్గు చేత్తో ఆనేదాకా తిప్పి, పానాతో వాషరు నలిగిన పట్టు చేతికి తెలిసేదాకా బిగిస్తే చాలు. పానాకి పైపు తొడగడం ఇక ఆపెయ్యండి. పాత బెజ్జం ఈ గతికి వచ్చింది ఆ పైపు వల్లే అయి ఉంటది.

టెఫ్లాన్ టేపు సమాన మర ప్లగ్గుకి అవసరమే లేదు. టేపరు మరకి వాడినా గేరుబాక్సులో నాకు ఇష్టం లేదు. తెగిన పీలికలు ఆయిల్లో కొట్టుకుపోయి హైడ్రాలిక్ స్ట్రెయినరుకి అడ్డం పడతాయి. ఇంకోటి, టేపు చుట్టిన మర నున్నగా జారుతుంది, ఎంత బలం పెడుతున్నామో చేతికి తెలియదు. టేపరు ప్లగ్గు అట్టా అతిగా దిగి కేసింగు చీలిన బండ్లు నా దగ్గరికి వచ్చాయి. వాడక తప్పకపోతే కొస నుంచి రెండు మరలు వదిలేసి చుట్టు. ద్రవంగా ఉండే పైపు సీలెంటు దానికంటే మేలు. ఇప్పుడు పెట్టిన ఎంసీల్ ముక్కలు కూడా ఒక్కటి మిగలకుండా గీకి తీసెయ్యి, జిడ్డు మీద మెత్తిన ఎంసీల్ ఎప్పుడూ నిలవదు.

కొంతమంది హెలీకాయిల్ గురించి అడుగుతారు. అది స్ప్రింగులాంటి ఉక్కు తీగ చుట్ట, పెంచిన మరలో కూర్చుని పాత సైజునే తిరిగి ఇస్తుంది. బుల్లెట్టు, పాత స్కూటర్లు, కార్ల అల్యూమినియం కేసింగులకు మంచి దారి. మెత్తటి అల్యూమినియంకి గట్టి ఉక్కు మర దొరుకుతుంది. కానీ చిన్న సైజుల్లోనే కిట్టు సుళువుగా దొరుకుతుంది. తీగ చివర ఉండే చిన్న తోక విరిచాక అది లోపల పడిపోకుండా పట్టుకుని తియ్యాలి. ఆయిలు తీగ వెనక దారి వెతుక్కోకుండా సీలెంటు రాయాలి. అల్యూమినియంకి ట్యాపు కొట్టేటప్పుడు మాత్రం కిరసనాయిలు వాడాలి, పొడిగా కొడితే లోహం ట్యాపుకి అతుక్కుని మరని చింపేస్తుంది. అల్యూమినియం రజను అయస్కాంతానికి రాదు కాబట్టి కడుగుడు ఇంకా జాగ్రత్తగా చెయ్యాలి. అల్యూమినియంలో ఉక్కు బుష్ వేస్తే వేడికి కేసింగు బుష్ కంటే ఎక్కువ పెరిగి పట్టు వదులుతుంది. అక్కడ గ్రబ్ స్క్రూ తప్పనిసరి.

కొత్త ఆయిలు ఒకేసారి మొత్తం పొయ్యొద్దు. ముందు ప్లగ్గు మునిగేటంత పోసి, కింద అట్టముక్క పరిచి ఒక రాత్రి వదిలెయ్యి. మరక పడకపోతే మిగతాది పొయ్యి. బుక్కులో రాసిన గ్రేడే వాడు. పాత గేరుబాక్సుల్లో ఇత్తడి, కంచు ముక్కలు ఉంటాయి, ఎక్కువ గంధకం మందు కలిపిన కొన్ని హైపాయిడ్ ఆయిళ్ళు వాటిని తినేస్తాయి. ఒక గంట పొలంలో తోలి, వేడి మీద ఒకసారి, చల్లారాక ఒకసారి ప్లగ్గు చుట్టూ, కాలరు చుట్టూ వేలితో తుడిచి చూడు. తడి కాలరు అంచున ఉంటే బుష్ లోపం, ప్లగ్గు తల కింద ఉంటే వాషరు లోపం.

నీళ్ళు ఎటునుంచి వచ్చాయో ఈలోపే చూసుకో. లీవరు బూటు, బ్రీదరు మూత నువ్వే మార్చుకోవచ్చు. యాక్సిల్ సీళ్ళు మాత్రం మెకానిక్కుకి చూపించు. అవి అట్టానే వదిలి మళ్ళీ మడిలోకి దిగితే కొత్త ఆయిలు వారం తిరిగేసరికి తెల్లబడుతుంది.

ప్లగ్గు కొలతలు రెండు చోట్లా తీసి, అంగుళానికి ఎన్ని మరలో లెక్కపెట్టి, బెజ్జం చుట్టూ పోత ఎంత మందం ఉందో చూసి నాకు చెప్పు. ఎన్పీటీ టేపరు అని తేలి, లోపల నాలుగైదు మరలు ఇంకా నిండుగా ఉంటే బుష్ దాకా పోకుండా ట్యాపు దింపి, మంచి ఎన్పీటీ ప్లగ్గుతోనే పని ముగించవచ్చు. లేదంటే ఆ కొలతలకి బుష్ బొమ్మ గీసి ఇస్తాను, ఏ లేతులో అయినా చూపించి చేయించుకో.